కరెంటు పోనంతవరకు

సర్వర్ గది, ఆసుపత్రి అడుగు అంతస్తు
జూన్ 4

మహారాజశ్రీ అక్కగారి దివ్య సముఖమునకు,

తమరు ఖాళీ చేసి వెళ్లిన సింహాసనం మీద ఆరు నెలలుగా కూర్చుంటున్న తమ్ముడు మిక్కిలి వినయంతో చేసుకునే విన్నపం. నేను కులాసా. సర్వర్ కులాసా. సింహాసనానికి మాత్రం ఒక కాలు పొట్టిదైంది. దాని కింద నీ ట్రైనింగ్ పుస్తకాలు పెట్టాను. చదివినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ ఉపయోగపడుతున్నాయి.

సెల్‌ఫోన్ మోగకూడని చోట ఉద్యోగం వెతుక్కున్న నీ తెలివికి జోహార్లు. ఆకాశం చప్పుళ్లు వినే ఆ పెద్ద రేడియో టెలిస్కోపు గిన్నెల పక్కన ఒక్క ఫోన్ ఉన్నా వాటికి చెవుడొస్తుందని నువ్వంటే నమ్మలేదు. ఆఫీసు మెయిల్‌కి రాద్దామంటే మీ పైవాళ్లు ముగ్గురు చదివాక గానీ నీకు అందదు. అందుకని ఇంజనీరింగ్ పట్టా ఉన్న నేను పోస్టాఫీసుకు వెళ్లి, స్టాంపు కవరుకి ఏ మూల అంటించాలని అడిగి, వరసలో వెనకున్న ముసలాయన చేత అయ్యో అనిపించుకున్నాను.

ఇక రాజ్య వార్తలు. పోయిన నెల ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో రిసెప్షన్ కంప్యూటర్‌కి వైరస్ అంటుకుంది. ఆ రోజు వచ్చిన పేషెంట్లందరి అపాయింట్‌మెంట్లూ ఒకే ఒక్క ఆవిడ పేరు మీదికి ఎక్కాయి. పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఈ బిల్డింగ్‌లో ఇంకో పెన్‌డ్రైవ్ నా కంటపడకూడదు" అన్నారు. నేను యుద్ధం ప్రకటించాను. గది గదికీ వెళ్లి, బల్లల కింద పాకి, మూడు రోజుల్లో నలభై మూడింటిని బందీలుగా పట్టాను. అన్నిటినీ ఒకే దెబ్బకి తుడిచేసి ఖాళీగా ఎవరివి వాళ్లకిచ్చాను. అక్కౌంటెంటు తన పెళ్లి వీడియో పోయిందని ఏడ్చాడు. రెండు నిమిషాల తర్వాత థాంక్స్ చెప్పాడు. మళ్లీ ఎవరూ గుచ్చకుండా యూఎస్‌బీ రంధ్రాలన్నిటిలో గట్టి జిగురు పోసేశాను.

అన్నట్టు, మన సర్వర్ వెనక కూడా ఒకటి దొరికింది. గోరంత, నల్లది. ఎవరో మర్చిపోయారనుకుని దాన్నీ పీకి తుడిచాను. రంధ్రం మూసేశాను. సర్వర్ ఎప్పటిలాగే నడుస్తోంది. అది నీదేనా? ఊరికే అడుగుతున్నా.

ఇట్లు,
పెన్‌డ్రైవ్ సంహారి


గిన్నెల కేంద్రం, కొండ మీద
జూన్ 11

ఒరేయ్,

నువ్వు చివర రాసిన నాలుగు ముక్కలూ మొదట రాయాల్సింది. ఉత్తరాలు తెచ్చి పట్టుకెళ్లే జీపు గంటే ఆగుతుంది. నిలబడే రాస్తున్నాను.

ఆ గోరంత నల్లదే సర్వర్. మిగతాదంతా ఇనుము.

దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ని నేను డిస్కుల మీద ఎక్కించలేదు, ఆ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించాను. సర్వర్ లేచేటప్పుడు దానిలోంచి తనను తాను మెమరీలోకి తోడుకుంటుంది. ఒకసారి లేచాక మళ్లీ దానివైపు చూడదు. అందుకే నువ్వు పీకినా దానికి తెలియలేదు. ఇంకొకటి. లోపలి డిస్కులన్నీ తాళం వేసి ఉంటాయి. ఆ తాళంచెవి కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉండేది. ఇప్పుడు తలుపు తీసి ఉంది కాబట్టి అందరూ తిరుగుతున్నారు. ఒక్కసారి మూతపడితే మళ్లీ తెరుచుకోదు.

డిస్కుల్లో ఏముందో నీకు నేను చెప్పక్కర్లేదు. రేడియేషన్ తీసుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఎక్కడ, ఎంత, ఇప్పటికి ఎన్ని సిట్టింగులు అయ్యాయో అందులోనే ఉంది. అది పోతే తర్వాతి సిట్టింగు ఎవరూ ఇవ్వరు. అంచనాతో ఇచ్చేది కాదు.

దాన్ని ఆపకు. తిరిగి ఆన్ చేద్దామని సరదాకి కూడా ఆపకు. ఇనుప అల్మరా రెండో అరలో ఒక కవరుంది, పైన "సర్వర్ నకలు" అని నా చేతిరాతతో. అది అక్కడే ఉండనీ. జీపువాడు హారన్ కొడుతున్నాడు.

అక్క


సర్వర్ గది
జూన్ 16

ప్రాణదాత్రి అక్కగారికి,

నీ ఉత్తరం సగం చదివేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద పారాగ్రాఫులో కవరు కనపడి తిరిగొచ్చాయి. అల్మరా తీసి చూశాను. కవరుంది. చేతిరాత నీదే, "న" కి ఎప్పటిలాగే తోక ఎక్కువ. తట్టి చూస్తే లోపల గట్టిగా తగిలింది. దానికి వంగి నమస్కారం పెట్టి, నువ్వన్నట్టే అక్కడే వదిలి అల్మరా మూసేశాను. కాపీ తీసిపెట్టే అక్క ఉన్నవాడికి ఏ భయమూ అక్కర్లేదు.

అయినా నిజం చెప్పాలంటే కొంచెం ఉంది. ఇదివరకు ఈ గదిలో కూర్చుంటే ఫ్యాన్ల హోరుకి నిద్ర వచ్చేది. ఇప్పుడు ఆ హోరు ఎక్కడ ఆగుతుందోనని చెవులు రిక్కించుకుని ఉంటున్నాను. టీ కోసం పైకి వెళ్లి, సగం తాగి పరిగెత్తుకొస్తున్నాను. ఊడ్చే ఆవిడ చీపురు ప్లగ్గు దగ్గరికి పోతే "అటు వద్దమ్మా" అని అరిచాను. ఆవిడ, "ఎందుకు బాబూ, అక్కడేమైనా పామున్నాదా" అంది. పామైతే బాగుండేది.

రెండు వార్తలు. మొదటిది, పైన వరండాలో నాకో స్నేహితుడు దొరికాడు. టైలరు. గొంతుకి ముప్ఫై మూడు సిట్టింగులు ఇవ్వాలి, తొమ్మిది అయ్యాయి. మాట్లాడకూడదు కాబట్టి పిల్లల పలక ఒకటి మెడలో వేసుకుని తిరుగుతాడు. నా చొక్కా చూసి పలక మీద, "ఇది కుట్టినవాడు బతికే ఉన్నాడా" అని రాశాడు.

రెండోది, కరెంటు బాబాయ్ (అదే, మన ఎలక్ట్రీషియన్, నీకు తెలుసుగా) నోటీసు అంటించాడు. జూలై 19 ఆదివారం ట్రాన్స్‌ఫార్మరు మారుస్తారు. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదు, జనరేటరూ ఉండదు. మన బ్యాటరీ నలభై నిమిషాలు లాగుతుంది. అంటే ఆ రోజు సర్వర్ ఆగి తీరాలి. కవరు ఉంది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. ఉండొచ్చు కదా?

తమ్ముడు


గిన్నెల కేంద్రం
జూన్ 25

తమ్ముడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు చించాను. ఇది నాలుగోది.

ఆ కవర్లో ఉన్నది కొత్త పెన్‌డ్రైవ్. ఖాళీది. నేను నకలు తీయలేదు.

నేను అక్కడ చివరి రోజు ఎలా ఉందంటే, రిలీవ్ చేసిన కాగితం చేతికొచ్చింది, బస్సు నాలుగింటికి. రిజిస్టర్‌లో "నకలు తీసి, లేపి చూసితిని" అన్న చోట సంతకం పెడితే గానీ వదలరు. లేపి చూడాలంటే సర్వర్ ఆపాలి. సర్వర్ ఆపితే రేడియేషన్ మిషన్ ఆగుతుంది. వరండా నిండా మనుషులున్నారు. ప్యాకెట్ చింపి, ఖాళీదాన్ని కవర్లో పెట్టి, పైన పేరు రాసి, సంతకం చేశాను. నీకు ఉద్యోగం అప్పజెప్పేటప్పుడు ఆ కవరు చూపించాను కూడా. నువ్వు "శభాష్ అక్కా" అన్నావు. బస్సులో రెండు గంటలు ఆ మాటే వినిపించింది. మూడో గంటకి నిద్రపోయాను.

మొన్న జీపు హారన్ కొడుతుంటే రాసిన దాంట్లో కవరుందని రాశాను గానీ అందులో ఏముందో రాయలేదు. తొందరలో మర్చిపోలేదు. భయపడ్డాను.

నువ్వు నన్ను తిట్టు. కానీ ముందు ఇది చేయి: ఆ గది తాళం ఎవరికీ ఇవ్వకు.

అక్క


సర్వర్ గది
జూన్ 30

అక్కా,

తిట్లు రాద్దామని కూర్చున్నాను. ఏవీ గుర్తు రావడం లేదు. నాకు తిట్లు గుర్తు రాకపోవడం ఇదే మొదలు.

కవరు చింపి చూశాను. నువ్వు రాసింది అబద్ధమై ఉంటుందేమో అని. ఖాళీయే.

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకి కరెంటు పోయింది. జనరేటరు అందుకోలేదు. బ్యాటరీ కూత మొదలెట్టింది. తెర మీద నలభై కనిపించింది, ముప్ఫై తొమ్మిదైంది. నేను దాని ముందు గొంతుక్కూర్చున్నాను. కరెంటు బాబాయ్ పై నుంచి, "కంగారేం లేదబ్బాయ్, ఒక్క అరగంట" అన్నాడు. ఆయనకి అరగంట అంటే టీ తాగే టైము. పద్దెనిమిది దగ్గర తెర తుడిచి మళ్లీ చూశాను. పదకొండు దగ్గర, ఇదివరకెప్పుడూ ఏ దేవుడితోనూ మాట్లాడనివాణ్ని, ఆ ఇనప్పెట్టెతో మాట్లాడాను. ఏమన్నానో అడక్కు. ఎనిమిది దగ్గర లైటు వెలిగింది. బాబాయ్ కిందికొచ్చి, "ఏంట్రా, చెమట్లు పట్టాయి, ఏసీ పనిచేయట్లేదా" అన్నాడు. పనిచేస్తోందన్నాను.

డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి, "మేడమ్, ప్రింటరు ఎలా ఉంది" అన్నాను. రెండోసారి, "మేడమ్, ప్రింటరు బాగానే ఉంది కదా" అన్నాను. నేను పీకానని చెప్పాలంటే నీ కవరు సంగతి కూడా చెప్పాలి. నీ సంతకం ఉంది కదా. అక్కడ నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

టైలరుకి పదిహేడు అయ్యాయి. వరండాలో కనపడితే తప్పించుకుని పోతున్నాను. అరవై ఒక్కమంది ఉన్నారక్కా. లెక్కపెట్టాను.

ఏం చేయాలో చెప్పు. ఇరవై రోజులు కూడా లేవు. ఉత్తరానికే పదేసి రోజులు పడుతోంది.


గిన్నెల కేంద్రం
జూలై 9

తమ్ముడూ,

డాక్టరమ్మకి చెప్పు. అందిన రోజే చెప్పు. నా పేరుతో చెప్పు. "అక్క సంతకం పెట్టింది, నకలు తీయలేదు" అని ఇవే మాటలు. పర్మనెంట్ సంగతి నేను చూసుకుంటాను.

చెప్పకుండా చేసే దారి లేదు. ఎందుకంటే డిస్కులు తెరిచి ఉన్నప్పుడే అన్నీ బయటికి కాపీ చేసుకోవాలి. నీ జిగురు పుణ్యమా అని సర్వర్‌కి ఏమీ గుచ్చలేవు. నెట్‌వర్క్ మీదుగా డాక్టరమ్మ కంప్యూటర్‌లోకి ఒకటి, ఎక్స్‌రే గది కంప్యూటర్‌లోకి ఒకటి. రెండూ తెరిచి చదివి చూడు. కాపీ అయిందని తెర చెప్పినంత మాత్రాన నమ్మకు.

తర్వాత ఆపు. మూత విప్పితే లోపల బోర్డు మీద ఇంకో రెండు యూఎస్‌బీ రంధ్రాలుంటాయి. జిగురు అక్కడిదాకా పోలేదు. రెండు పెన్‌డ్రైవ్‌లు కొను. ఒకటి సిస్టమ్‌ని మోసుకొచ్చేది, దాన్ని ఇంట్లో నీ ల్యాప్‌టాప్ మీద తయారుచేసుకో. రెండోది సిస్టమ్ దిగి కాపురం పెట్టేది. సైజులు వేర్వేరుగా ఉండాలి. ఒకేలాంటివి కొంటే తెర మీద కవలల్లా కనపడతాయి, నువ్వు సిస్టమ్ మోసుకొచ్చినదాన్నే తుడిచేస్తావు. లేచేటప్పుడు మెనూలో యూఎస్‌బీ ఎంచుకో. డిస్కుల జాబితా వస్తుంది. ఆ జాబితా దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక నిమిషం కూర్చో.

పాత డిస్కులు తాళం పడి ఉంటాయి కాబట్టి వాటిని నువ్వే చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. "అంతా పోతుంది, సరేనా" అని అడుగుతుంది. సరే అనాలి. అక్కడ వెనక్కి వచ్చే దారి ఉండదు.

నువ్వు చేయగలవు. నేను పక్కన ఉంటే బాగుండేది. మా హాస్టల్ వార్డెన్ గదిలో ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంది గానీ వరసలో ఎనిమిది మంది వింటారు. అయినా పదిహేడో తేదీ నుంచి నేను సాయంత్రం ఐదింటికి దాని పక్కనే కూర్చుంటాను. నువ్వు ఫోన్ చేయలేకపోతే చేయకు.

అక్క


సర్వర్ గది
జూలై 19, ఆదివారం

అక్కా,

ఇది పొద్దున్నుంచి ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మంగళవారం డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను.

"ప్రింటరు బాగానే ఉంది" అన్నారావిడ, తలెత్తకుండానే.

"ప్రింటరు గురించి కాదు మేడమ్."

"మరి చెప్పు. ఇదివరకు రెండుసార్లూ నీళ్లు నమిలి వెళ్లావు. ఈసారి కూడా అదే అయితే గ్లాసు తెప్పిస్తాను."

చెప్పాను. నేను పీకింది, తుడిచింది, నువ్వు సంతకం పెట్టింది. వరసగా, ఒక్క జోకు లేకుండా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నెల రోజులు."

"ఈ నెల రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయింది?"

"పధ్నాలుగు."

"లెక్క రాసుకున్నావన్నమాట." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "అరవై ఒక్కమంది, బాబూ. వాళ్ల బదులు నువ్వొక్కడివి భయపడితే చాలనుకున్నావా?"

అరిచి ఉంటే బాగుండేది.

కాపీలు తీయడానికి రెండు రోజులు పట్టింది. అయినా ఆవిడ కాగితం కావాలన్నారు. ప్రతి పేషెంటుదీ ప్రింటు తీసి, ఆ మనిషికే చూపించి, అయిన సిట్టింగులు సరిపోయాయో లేదో సంతకం పెట్టించమన్నారు. ఎవరు తీసుకెళ్లాలి అంటే, "నువ్వే" అన్నారు.

కొందరు చదవకుండానే పెట్టేశారు. ఒక పెద్దావిడ, "మీరు ఎంతంటే అంతే నాయనా" అంది. ఆవిడకి కాగితం నేనే చదివి వినిపించాను. శుక్రవారం టైలరు దగ్గరికి వెళ్లాను. పలక మీద, "ముప్ఫై. సరే. ఎందుకు అడుగుతున్నావు, మీ దగ్గర లేదా?" అని రాశాడు.

"ఉంది. ఆదివారం తర్వాత ఉంటుందో లేదో."

చెరిపాడు. "ఎవరి తప్పు?"

"నాదే."

నా మొహంలోకి చూశాడు. ఏదో ఎగతాళి రాస్తాడనుకున్నాను. పలక తిప్పి మెడలో వదిలేసి, నా చేతిలో పెన్ను లాక్కుని సంతకం పెట్టాడు. అంతే. నావైపు మళ్లీ చూడలేదు.

ఇవాళ. ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా సర్వర్‌ని నేనే ఆపాను, నా వేలితో. ఫ్యాన్లు తిరిగి తిరిగి ఆగాయి. ఈ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకిప్పటిదాకా తెలియదు. పైన ఎవరో చెప్పులీడ్చుకుంటూ నడుస్తుంటే వినిపించింది.

నాలుగింటికి కరెంటొచ్చింది. డాక్టరమ్మ కిందికొచ్చి, ఆ కుంటి కుర్చీలోనే కూర్చున్నారు. మూత విప్పి రెండు పెన్‌డ్రైవ్‌లు గుచ్చాను, పెద్దదీ చిన్నదీ. మెనూ వచ్చింది. జాబితా వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. నిమిషం అయ్యాక ఆవిడ, "ఏంటది, ప్రార్థనా" అన్నారు. అక్క చెప్పిందన్నాను. చిన్నదాన్ని ఎంచుకున్నాను. పదకొండు నిమిషాలు ఎక్కింది. ఆపి, పెద్దది తీసేసి, మళ్లీ లేపాను. చిన్నదాని మీద లేచింది.

అప్పుడు డిస్కులు. "వీటిలో ఉన్నదంతా పోతుంది, సరేనా" అంది. వేలు మీట మీద పెట్టాను, దిగలేదు. నిజంగా దిగలేదక్కా. "కాపీలు తెరిచి చూశావా?" అన్నారావిడ. చూశాను, రెండూ. "అరవై ఒకటీ?" అరవై ఒకటీ. "అయితే నొక్కు." నొక్కాను. తర్వాత రెండున్నర గంటలు కాపీ వెనక్కి ఎక్కుతూ ఉంటే, నేనూ ఆవిడా కాగితాలు పట్టుకుని ఒక్కొక్కరిదీ తెరతో పోల్చుకున్నాం. పేరు నేను చదవడం, సంఖ్య ఆవిడ చదవడం. అరవై ఒకటీ కలిశాయి.

ఆవిడ లేచి, గది తాళం అడిగారు. రేపటి నుంచి నేను రిసెప్షన్‌లో ఉంటాను. రిపోర్టు మీ కేంద్రానికి కూడా వెళ్తుంది, నీ పేరుతో. ఆపమని అడగలేదు నేను. నువ్వు వద్దంటావనే అడగలేదు.

రేపు తొమ్మిదింటికి టైలరుది ముప్ఫై ఒకటో సిట్టింగు. ఐదింటికి ఫోన్ చేయలేకపోయాను, అప్పుడు డిస్కులు చెరిపి ఉన్నాయి.

తమ్ముడు


గిన్నెల కేంద్రం
జూలై 19, ఆదివారం

తమ్ముడూ,

ఇది గురువారం దాకా జీపు ఎక్కదు. అయినా ఇవాళే రాస్తున్నాను.

మొన్నటి జీపులో నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. నువ్వు డాక్టరమ్మకి చెప్పావో లేదో నాకు తెలియదు. ఐదింటి నుంచి ఆరున్నర దాకా వార్డెన్ గదిలో కూర్చున్నాను. ఫోన్ రెండుసార్లు మోగింది. ఒకటి వంటవాడికి. ఇంకొకటి రాంగ్ నంబరు. రిసీవరు పెట్టేశాక, అవతలివాడు నువ్వే అయ్యుండి నోరు పెగలక పెట్టేశావేమో అనిపించింది. మీ సర్వర్ లేచిందో లేదో. నీకేమైందో.

పొద్దున్నుంచి కాలు నిలవక మా కంట్రోల్ గదికి వెళ్లాను. ఇక్కడ గిన్నెలు తిప్పే సర్వర్లు కూడా పెన్‌డ్రైవ్‌ల మీదే లేస్తాయి. నేనే ఎక్కించాను. వాటికి నకళ్లు నా డ్రాయర్‌లో ఉన్నాయి, పదకొండు కవర్లు, పదకొండు సంతకాలు. అన్నీ చేశాననే నా నమ్మకం. ఒప్పుకుంటున్నాను, ఒక్కదాన్ని కూడా లేపి చూసినట్టు నాకు గుర్తు లేదు. పక్కన ఊరికే ఉన్న పాత మిషన్ ఒకటి తెచ్చుకుని ఒక్కొక్కటే గుచ్చి లేపాను. ఒకటి లేచింది. రెండోది లేచింది. మూడోదాని దగ్గర తెర నల్లగా అలాగే ఉండిపోయింది.

పదకొండిట్లో ఎనిమిది లేచాయి.

మా పెద్దాయన క్వార్టర్స్‌లో ఉన్నాడు, లైటు వెలుగుతోంది. లేవని మూడూ నా చేతిలో ఉన్నాయి. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇప్పుడే ఆయన తలుపు కొట్టబోతున్నాను.

అక్క